ముందు బ్రేకు

మా హాస్పిటల్‌లో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కరూ లేరు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, మౌస్ కదలకపోయినా, ఆఖరికి గోడ గడియారం ఆగిపోయినా "కంప్యూటరమ్మను పిలవండి" అంటారు. గోడ గడియారానికీ నాకూ ఏం సంబంధమో ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. చెవి, ముక్కు, గొంతు జబ్బులకు బాగా పేరున్న హాస్పిటల్ ఇది. నేనుండేది మాత్రం అడుగున, లాండ్రీ పక్కన, ఏసీ తప్ప ఏ సుఖమూ లేని సర్వర్ గదిలో. ఆ ఏసీ కూడా నా కోసం పెట్టింది కాదు, సర్వర్ కోసం పెట్టింది.

ఆ మంగళవారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు, ఆ గదిలో కూర్చుని, నేను డ్రైవింగ్ మాస్టారి గొంతు తుడిచేశాను.

ఇంత సూటిగా చెబుతున్నానని నన్ను మెచ్చుకోకండి. సూటిగా చెప్పాల్సిన రోజున నీళ్ళు నమిలాను కాబట్టే ఇప్పుడు ఇలా చెబుతున్నాను.

ముందు మాస్టారి సంగతి. మా ఊళ్ళో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర తిట్లు తిన్నవాళ్ళే. ముప్ఫై ఎనిమిదేళ్ళు పక్క సీట్లో కూర్చుని అరిచారు. "ఎదురుగా వచ్చేది బస్సమ్మా, మీ మేనమామ కాదు, నిన్ను చూసి ముచ్చటపడి పక్కకి తప్పుకోడానికి!" "అద్దంలో చూడమంది వెనక బండిని, నీ మొహాన్ని కాదు!" ఆ గొంతు నాలుగు వీధుల అవతలికి వినపడేది. కారు అద్దాలు ఎక్కించినా లాభం ఉండేది కాదు.

నేనూ ఆయన శిష్యురాలినే. మూడో రోజున పాల దుకాణం ముందున్న బోర్డును గుద్దాను. గుద్దినవాళ్ళెవరైనా ఏం చేస్తారు? బ్రేకు వేస్తారు. నేను మాత్రం అద్దంలోకి చూశాను, ఎవరైనా చూశారేమోనని. ఈలోపు కారు ఆ బోర్డును ఇంకో నాలుగడుగులు నెట్టుకుపోయింది. మాస్టారు తన వైపున్న బ్రేకు తొక్కి, ఆ రోజు ఎందుకో అరవకుండా, వేళ్ళు మడిచి చెప్పారు. "తప్పు చేశాక ముందు బ్రేకు. తర్వాత ఏడుపు. ఎవరు చూశారన్నది అన్నిటికన్నా ఆఖర్న." లైసెన్సు వచ్చింది. ఆ మాట మాత్రం ఒంటబట్టలేదు.

అలాంటి మాస్టారికి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు మా పెద్ద డాక్టరుగారు. తీసేస్తే ప్రాణం దక్కుతుంది, మాట పోతుంది. ఆ తర్వాత చేతిలో ఒక చిన్న మిషన్ పట్టుకుని అందులో టైపు చేస్తే అది మాట్లాడుతుంది. మామూలుగానైతే ఎవరిదో తెలియని మొద్దు గొంతుతో మాట్లాడుతుంది. ఆపరేషన్‌కు ముందే సరిపడా మాటలు రికార్డు చేసి ఉంచితే ఆ మనిషి సొంత గొంతుతోనే మాట్లాడుతుంది.

ఆ రికార్డింగులు చేసేది మూడో అంతస్తులో మాటల టీచరమ్మ. ఆరు వారాలు మాస్టారిని అద్దాల గదిలో కూర్చోబెట్టి పదహారు వందల వాక్యాలు చదివించింది. "ఈ రోజు గాలి చల్లగా ఉంది." "దయచేసి కిటికీ తెరవండి." మాస్టారు ప్రతి వాక్యంతోనూ తగువే. "దయచేసి అని నా జన్మలో ఎవర్నీ అనలేదు. గొంతు పోయాక అంటానా?" అని గదమాయించేవారట. టీచరమ్మ ఆ తగువులన్నీ కత్తిరించి శుభ్రమైన వాక్యాలు మాత్రం ఉంచేది. అయితే ఆవిడ వాడేసిన కవరు కూడా పారెయ్యలేని మనిషి. కత్తిరించిన ముక్కలన్నీ "చెత్త" అని ఒక ఫోల్డర్ పెట్టి అందులో దాచింది.

ఇక నా ఘనకార్యం. వర్చువల్ మిషన్ అనగానే బెదిరిపోకండి. ఒక పెద్ద కంప్యూటర్ కడుపులో పదహారు ఉత్తుత్తి కంప్యూటర్లు ఉంటాయి. ప్రతిదానికీ తానే అసలు కంప్యూటర్‌నని నమ్మకం. ఒకటి అపాయింట్‌మెంట్లు చూస్తుంది, ఒకటి మందుల జాబితాలు చూస్తుంది, ఒకటి కెమెరాలు నడుపుతుంది, ఒకటి టీచరమ్మ రికార్డింగులు దాచుకుంటుంది. సామాన్లు పెట్టుకోవడానికి మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే బీరువా. ఆ బీరువా నిండిపోవచ్చింది.

నిండిపోవచ్చిందని నాకన్నా ముందు కనిపెట్టింది కెమెరాల బాబాయ్. సెక్యూరిటీ పెద్ద. నాకు బాబాయ్ కాడు, ఎవరికీ బాబాయ్ కాడు, అయినా అందరికీ బాబాయే. అరవై కెమెరాలు పెట్టించి, లిఫ్టులో తుమ్మినా రికార్డు చేస్తాడు. పొద్దున్నే ఫోను.

"అమ్మాయ్, నా కెమెరాలకి చోటు లేదంటోంది. ఇవాళేదైనా దొంగతనం జరిగితే బాధ్యత నీదే."

"మన దగ్గర ఎత్తుకుపోడానికి ఏముంది బాబాయ్? సెలైన్ స్టాండా?"

"నవ్వు, నవ్వు. పోయినేడాది పార్కింగులో హెల్మెట్ పోయింది."

హెల్మెట్ పురాణం ఒకసారి మొదలైతే ఇరవై నిమిషాలు. చెవి దగ్గర ఆ జోరీగ మోగుతూంటే, నేను తెర మీద నెల నెలా చేసే పని చేశాను. మా గదిలో ఒక అలవాటుంది. ఆపేసి ఉన్న మిషన్లన్నీ ఎవరికీ అక్కర్లేనివని లెక్క. జాబితాలో వాటినన్నిటినీ ఒక్కసారిగా ఎంచుకోవడం, తుడిచెయ్యడం. పేర్లు చదవాలి. నేను చదవలేదు. నిజంగా తుడవమంటావా అని అది అడిగింది. తుడవమన్నాను.

ఏడు పోయాయి. నాకు తెలిసి పోవాల్సినవి ఆరు.

టీచరమ్మ పొదుపు సంగతి చెప్పానుగా. గదిలోంచి వెళ్ళేటప్పుడు ఫ్యాను ఆపుతుంది, లైటు ఆపుతుంది, మిషన్‌ను కూడా ఆపేసి వెళ్తుంది. అంతకుముందు రోజే, సోమవారం, మాస్టారికి ఆపరేషన్ అయింది. రికార్డింగులు ముగిశాయి కదా అని ఆదివారం సాయంత్రమే ఆపేసింది. పోనీ రెండో కాపీ ఉందా? లేదు. పద్దెనిమిది నెలల క్రితం "రెండు వారాలు వాడి చూద్దాం" అని పెట్టిన మిషన్ అది. రెండు వారాల వ్యవహారమే కదా అని కాపీల జాబితాలో చేర్చలేదు. చేర్చాల్సింది ఎవరని అడగకండి, సిగ్గుచేటు.

ఏడో పేరు అప్పుడు చదివాను. ఇక్కడ ఒక ముక్క తెలియాలి. తుడిచేసిన వెంటనే సామాన్లు మాయమైపోవు. బీరువాలో ఏ అర ఎవరిదో రాసుకున్న చీటీ మాత్రం చిరుగుతుంది. సామాను ఇంకా అక్కడే ఉంటుంది. ఖాళీ అర అనుకుని ఇంకొకరు తమ సామాను అందులో కుక్కేదాకా ఉంటుంది. కాబట్టి మొదటి పని అన్ని మిషన్లనూ ఆపెయ్యడం. ఒక్క అక్షరం కూడా ఎవర్నీ రాయనివ్వకూడదు. ఇది నాకు తెలియదా? నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కిందటేడు కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పిందే నేను.

కానీ అన్నీ ఆపాలంటే హాస్పిటల్ మొత్తం ఆగుతుంది. ఎందుకని అడుగుతారు. చెప్పాలి.

నేను వెనక్కి తిరిగి చూశాను, తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారేమోనని.

ఎవరూ లేరు. అప్పుడు ఏం చేశానో వినండి. తెర మూసి మళ్ళీ తెరిచాను, ఏడో పేరు తిరిగొచ్చి ఉంటుందేమోనని. రాలేదు. నీళ్ళు తాగాను. పెద్ద డాక్టరుగారికి మెయిల్ మొదలుపెట్టాను, "ఒక చిన్న సమస్య" అని రాసి, చిన్న అన్న మాట కొట్టేసి, తర్వాత మొత్తం కొట్టేశాను. డిస్కు దానంతటదే పాడైందని చెబితే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఛీ, నా బతుకు అని కూడా అనుకున్నాను. అనుకుని మళ్ళీ కూర్చున్నాను. ఈలోపు బాబాయ్ నుంచి మెసేజ్ వచ్చింది. "చోటొచ్చింది. కెమెరాలన్నీ భేషుగ్గా ఎక్కుతున్నాయి. థాంక్స్ అమ్మాయ్."

ఆ భేషుగ్గా ఎక్కుతున్నది ఎక్కడికో నాకు తెలుసు. తెలిసీ కదల్లేదు.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా టీచరమ్మ వచ్చింది. వాకిట్లోనే నిలబడి, "మాస్టారి ఫైళ్ళు తెరుచుకోవట్లేదమ్మా, ఒకసారి చూస్తావా?" అంది.

"నెట్‌వర్క్ స్లోగా ఉందండీ," అన్నాను. నాలుక ఎంత తేలిగ్గా తిరిగిందో!

"అలాగా. అయితే పది నిమిషాలాగి చూస్తాలే. పొద్దున ఆయనకి మెలకువొచ్చింది. చేతికి పలకిచ్చాం. మొట్టమొదట ఏం రాశారో తెలుసా? మంచినీళ్ళూ అడగలేదు, నొప్పీ అనలేదు. 'నా గొంతు భద్రమేనా?' అని రాశారు. భద్రంగా ఉందండీ, కింద మా కంప్యూటరమ్మ దగ్గరుందని చెప్పా. ఎవరు, పాల బోర్డు పిల్లా అని రాసి నవ్వారు. నవ్వితే నొప్పెడుతుందని నర్సు కేకలేసింది."

లేచి నిలబడ్డాను.

"నేను తుడిచేశానండీ," అన్నాను. "నెట్‌వర్క్ కాదు. ముప్ఫై ఐదు నిమిషాలు దాటింది. నేనే తుడిచేశా."

టీచరమ్మ నన్ను తిట్టలేదు. పెద్ద గొంతుతో మాట్లాడడం కూడా తెలియని మనిషి. గోడకు చెయ్యి ఆనించి, "ఇంకోసారి చదివించడానికి లేదమ్మా. నిన్న తీసేశారు," అంది. ఆ మాట నాకు తెలియదని కాదు. ఆవిడ నోట విన్నాక కుర్చీ తెర వైపు లాక్కున్నాను.

అప్పుడు వేశాను బ్రేకు. మిగిలిన తొమ్మిది మిషన్లలో ఎనిమిదింటిని వరసగా ఆపాను. అపాయింట్‌మెంట్లు ఆగాయి. మందుల జాబితాలు ఆగాయి. పై నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కెమెరాల మిషన్ ఒక్కటి మాత్రం నా మాట వినలేదు. దాన్ని ఆపే పాస్‌వర్డ్ బాబాయ్ దగ్గరుంది.

"బాబాయ్, కెమెరాలు ఆపెయ్యి. ఇప్పుడే."

"మతి పోయిందా? కెమెరాలాపితే హాస్పిటల్ ఎత్తుకుపోతారు."

"మంచాలతో సహా ఎత్తుకుపోనీ! నువ్వు ఆపకపోతే వైరు పీకేస్తా."

"పీకి చూడు, నీ సంగతి..."

పెద్ద కంప్యూటర్ కరెంటు వైరే పీకేశాను. సర్వర్ గదిలో నేను చేరాక మొదటిసారి నిశ్శబ్దం అయింది. ఏసీ ఒక్కటే మోగుతోంది. గడియారం చూసుకున్నాను. నలభై ఒక్క నిమిషాలు.

ఆ తర్వాత రెండు రోజులు హాస్పిటల్ కాగితాల మీద నడిచింది. రిసెప్షన్‌లో పిల్లలు చేత్తో రాసి రాసి నన్ను తలుచుకున్నారు. పెద్ద డాక్టరుగారు పిలిచి తలుపు వేసి నాకు గడ్డి పెట్టారు. వాయించాల్సినంతా వాయించి, ఆఖర్న, "మాస్టారికి గురువారం దాకా ఈ విషయం తెలియకూడదు, కుట్లు పచ్చిగా ఉన్నాయి. గురువారం నువ్వే వెళ్ళి చెబుతావు," అన్నారు. సరేనన్నాను.

పోయిన డేటాను బయటికి తీసే ఆయన మంగళవారం మధ్యాహ్నానికే రెండు పెట్టెలతో దిగాడు. ఆ పనిలో ఉన్నవాళ్ళు అతన్ని శవాల డాక్టరు అంటారు. అతనికీ ఆ పేరంటే ఇష్టమే. కుర్చీ లాక్కుని అడిగిన మొదటి ప్రశ్న, "తుడిచాక ఎంతసేపటికి ఆపారు?"

చెప్పాను.

"నలభై ఒకటా!" అన్నాడు. "నా దగ్గరికొచ్చినవాళ్ళలో మీరు నయమే. ఒకాయన మూడు వారాలు దాచాడు."

ఆ ఓదార్పు నాకు ఏమాత్రం ఆనలేదు. అతను బీరువా మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి ఎత్తించాడు. అసలుదాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. చీటీలు చిరిగాయి కాబట్టి ఏ అరలో ఏముందో తెలియదు. ప్రతి సౌండ్ ఫైలుకూ మొదట్లో ఒక గుర్తుంటుంది. ఆ గుర్తు కోసం ఒక చివర నుంచి రెండో చివరిదాకా వెతుకుతూ పోవడమే పని. బుధవారమంతా వెతుకుతూనే ఉంది. నేనూ టీచరమ్మా చెరో కుర్చీలో కూర్చుని తెర వంక చూస్తూ ఉన్నాం. ఒక్కొక్క ఫైలూ దొరికినప్పుడల్లా ఆవిడ తెరిచి వినేది.

మొదటిది: "నీ అక్షరాలకో దండం తల్లీ, ఇంత చిన్నగా రాస్తే చీమ కూడా చదవలేదు!"

టీచరమ్మ మొహం కందిపోయింది. "ఇది చెత్తలోది."

రెండోది కూడా చెత్తే. మూడోది దగ్గు, దాని వెనకే ఒక తిట్టు. అరవయ్యో ఫైలుకు వచ్చేసరికి మాకు సంగతి అర్థమైంది. శుభ్రం చేసిన వాక్యాలున్న అరల మీద అరవై కెమెరాలు స్వారీ చేశాయి. పదహారు వందల్లో దక్కినవి మూడు వందల పన్నెండు. చెత్త ఫోల్డర్ ఉన్నవైపు మాత్రం ఎవరూ తొంగి చూడలేదు. తొమ్మిది వందల తిట్లు, గీత పడకుండా, నిక్షేపంగా దొరికాయి.

"వీటితో గొంతు తయారవుతుందా?" అని అడిగాను.

"అవుతుంది. గొంతు ఆయనదే అవుతుంది," అంది టీచరమ్మ. "అయితే మిషన్ మనం వినిపించిందే నేర్చుకుంటుంది. ఏం మాట్లాడినా కసురుతున్నట్టే ఉంటుంది. అది పోగొట్టడానికి నేను నమ్ముకున్నది వేరే ఉంది," అంది.

అప్పుడు చెప్పింది. ఆదివారం సాయంత్రం, అన్నీ అయిపోయాక, మాస్టారు ఆవిడను బయటికి వెళ్ళమన్నారట. ఒక్కరే కూర్చుని పదకొండు నిమిషాలు ఏదో రికార్డు చేసుకున్నారు. ఏం చెప్పారో ఆవిడ వినలేదు. గాజు తలుపు అవతల నుంచి చూసిందంతే. "ఆరు వారాల్లో ఆయన చేతులూపకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే," అంది.

సాయంత్రానికి ఆ ఫైలు మొదలు దొరికింది. టీచరమ్మ వినిపించింది.

"ఏమోయ్... కూర్చున్నావా? సరే. భయపడకు."

అది మాస్టారి గొంతే. ముప్ఫై ఎనిమిదేళ్ళ అరుపుల అడుగున అంత మెత్తటి గొంతు ఉందని ఎవరనుకుంటారు? నాలుగు సెకన్లు. ఆ తర్వాత బరబరమని చప్పుడు.

"ఇక్కణ్ణుంచి వేరే ఎవరో కూర్చున్నారు," అన్నాడు శవాల డాక్టరు. "చిన్న ఫైళ్ళయితే ఏదో మూల బతుకుతాయి. ఇది పెద్దది. వరసగా తొక్కేశారు. ఇది సౌండ్ కాదు, వీడియో. చూస్తారా?"

చూడకుండా ఉండాల్సింది. తెర మీద ఒక గది కనిపించింది. మూలన తేదీ, పక్కన టైము, పది ఇరవై ఆరు. గది మధ్యలో కుర్చీ, కుర్చీలో ఒక మనిషి. నా గదే. నా నెత్తి మీద కూడా బాబాయ్ ఒక కెమెరా పెట్టించాడు, నేనే మర్చిపోయాను. తెరలో నేను నీళ్ళు తాగాను. బాటిల్ మూత పెట్టాను. వెనక్కి తిరిగి తలుపు వంక చూశాను. మళ్ళీ ముందుకు తిరిగి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మాస్టారు ఎవరితోనో పదకొండు నిమిషాలు మెత్తగా మాట్లాడిన చోట, ఉలుకూ పలుకూ లేకుండా నేను కూర్చుని ఉన్నాను.

టీచరమ్మ లేచి వెళ్ళిపోయింది. శవాల డాక్టరు తెర ఆపి, తన పెట్టె సర్దుకోవడంలో మునిగిపోయాడు. నేను ఏడ్చాను. మరేం చేస్తాను?

గురువారం మూడో అంతస్తుకు వెళ్ళాను. మాస్టారు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మెడ కింద గొట్టం, ఒళ్ళో పలక. పక్కన కుర్చీలో వాళ్ళావిడ బత్తాయి తొనలు ఒలుస్తోంది, ఆయన తినలేరని తెలిసీ. నన్ను చూడగానే మాస్టారు పలక మీద "పాల బోర్డు" అని రాసి ఎత్తి చూపించారు.

నిలబడే చెప్పాను. ఎక్కడా ఆగలేదు. హెల్మెట్ దగ్గర మొదలుపెట్టి వీడియో దాకా అంతా చెప్పేశాను.

ఆయన రాశారు. "ఎన్ని మిగిలాయి?"

"వాక్యాలు మూడు వందల పన్నెండండీ. తిట్లు మాత్రం అన్నీ దొరికాయి."

మాస్టారి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నవ్వుతున్నారు. గొట్టంలో గాలి బుసకొట్టింది. వాళ్ళావిడ కంగారుగా వీపు నిమిరింది. నవ్వు తగ్గాక పలక తుడిచి మళ్ళీ రాశారు. "ఆదివారంది?"

"నాలుగు సెకన్లండీ."

నవ్వు పోయింది. పలక తుడిచి రెండు మాటలు రాశారు. "బ్రేకు ఎప్పుడు?"

"నలభై ఒక్క నిమిషాలకి. వెంటనే వేసుంటే దొరికేదండీ మాస్టారూ. మొత్తం దొరికేది."

ఆయన తల ఆడించలేదు, కోపంగానూ చూడలేదు. చొక్కా చేత్తో పలక తుడుస్తూ ఉండిపోయారు. తిట్టడానికి నోరున్నప్పుడు ఎన్ని తిట్లు తిన్నానో! అప్పుడు ఒక్కటైనా తిడితే బాగుండుననిపించింది.

"ఆదివారంది ఏంటమ్మా?" అంది వాళ్ళావిడ.

ఫోన్‌లో నాలుగు సెకన్లు వినిపించాను. "ఏమోయ్... కూర్చున్నావా? సరే. భయపడకు."

ఆవిడ చేతిలో తొన చేతిలోనే ఉండిపోయింది. "ఇంకోసారి పెట్టు," అంది. పెట్టాను. "ఏమండీ, ఇది నాతోనేనా?" అని ఆయన్ని అడిగింది. మాస్టారు ఏదో రాసి, కిటికీ వైపు చూస్తూ పలక ఆవిడ చేతికిచ్చారు. "కారు నేర్పుదామని. తిట్టకుండా" అని ఉంది అందులో.

అప్పుడు ఆవిడే చెప్పింది నాకు. పెళ్ళైన కొత్తలో ఒకే ఒక్క రోజు నేర్పారట. క్లచ్ వదలడం రాలేదని ఆయన అరిచిన అరుపుకు ఆవిడ నడిరోడ్డు మీద కారు ఆపి, దిగి, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నలభై ఏళ్ళుగా వెనక సీట్లోనే కూర్చుంటోంది. ముందు సీట్లోకి కూడా రాలేదు. "ఊరంతటికీ నేర్పారు. నాకు తప్ప," అంది. అని బత్తాయి తొన తనే నోట్లో వేసుకుంది.

మాస్టారు పలక లాక్కున్నారు. "మళ్ళీ చెబుతా. మిషన్‌తో" అని రాశారు. తుడిచి, నా వైపు తిప్పి, "టైపు చేస్తూ రోడ్డు చూడలేను. పక్క సీట్లో నువ్వు. కాలు బ్రేకు మీద" అని రాశారు.

"నా కాలా?" అన్నాను.

"నీదే" అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు.

రెండు నెలలు పట్టింది. మెడ మానింది, మిషన్ వచ్చింది. ఊరి చివర ఖాళీ జాగాలో నాలుగు డ్రమ్ములు వరసగా పెట్టాం. మాస్టారి భార్య, ఈ రెండు నెలల్లో నాకు పిన్నిగారైన ఆవిడ, స్టీరింగ్ ముందు కూర్చుంది, చీర కుచ్చిళ్ళు బిగించి. పక్కన నేను. వెనక సీట్లో, ఆవిడ నలభై ఏళ్ళు కూర్చున్న చోట, మాస్టారు.

మొదలుపెట్టే ముందు ఆ నాలుగు సెకన్లు పెట్టమంది ఆవిడ. పెట్టాను. ఆ తర్వాత పాఠమంతా మిషనే. మాస్టారు పాపం మంచి మాటలే టైపు చేస్తున్నారు. మిషన్ వాటిని తొమ్మిది వందల తిట్లు నేర్చిన గొంతుతో చెబుతోంది. "నెమ్మదిగా వదులు. తొందరేం లేదు," అని అది కసిరింది. "బాగా చేస్తున్నావ్!" అని గద్దించింది. పిన్నిగారి భుజాలు బిగుసుకుపోయాయి. నా వల్లే. ఆ మాటలు మెత్తగా ఎలా ఉంటాయో ఈ ప్రపంచంలో ఒక్కచోట రాసి ఉండేది, దాని మీద ఎక్కి కూర్చున్నది నేను.

మూడో డ్రమ్మును గుద్దేసింది.

డ్రమ్ము ఇంకా దొర్లకముందే కారు ఆగింది. నా కాలు బ్రేకు దాకా వెళ్ళనేలేదు, ఆవిడే వేసింది. అద్దంలోకి చూడలేదు. నా వైపూ చూడలేదు. "గుద్దేశా. నేనే. చూసుకోలేదు," అంది గట్టిగా.

అంతే. ఆవిడకు ఒక్క సెకను పట్టింది.

వెనక నుంచి టకటకమని టైపు చేస్తున్న చప్పుడు. "శభాష్. ఇంకోసారి," అని మిషన్ కోప్పడింది.

"మెచ్చుకున్నా చీవాట్లు పెట్టినట్టే ఉంది చూడమ్మా," అంది పిన్నిగారు. నవ్వుతూనే అంది, కళ్ళు మాత్రం తుడుచుకుంది. "ఆ ముక్క మళ్ళీ పెట్టు. అది వింటే చేతులు వణకవు."

దిగి డ్రమ్ము లేపి వచ్చి పెట్టాను.

"ఏమోయ్... కూర్చున్నావా? సరే. భయపడకు."

ఆవిడ క్లచ్ మెల్లగా వదిలింది. కారు కదిలింది. వెనక టైపు చప్పుడు లేదు. ఎందుకా అని అద్దంలోకి చూశాను. మాస్టారు మిషన్‌ను పక్కన పెట్టేసి, ముందు సీటు వెనక భాగం పట్టుకుని ముందుకు వంగి ఉన్నారు. నాలుగు సెకన్లు అయిపోయాక కూడా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. చేతులు ఊపడం లేదు. కసరడం లేదు. ఆదివారం సాయంత్రం చెప్పింది చెప్పినట్టు, భయపడకు తర్వాతి మాటలు ఒక్కొక్కటే, చప్పుడు లేకుండా ఆవిడ వీపుకు చెబుతున్నారు.

పిన్నిగారు ఎదురుగా డ్రమ్ముల వైపు చూస్తోంది. చూసింది నేనొక్కదాన్నే.